పెద్దల బడిలో దాచవలసిన మాట

ఆరు నెలల క్రితం నలభై రెండేళ్ళ స్త్రీ ఒకామె తలనొప్పి అంటూ నా ఓ.పి.కి వచ్చింది. రక్తపోటు 160/100 ఉంది. నిద్ర పట్టటం లేదనీ, అన్నం సయించటం లేదనీ చెప్పింది. మాత్రలు రాస్తూ "మనసులో ఏదైనా దిగులు పెట్టుకున్నావా అమ్మా?" అని అడిగాను. అంతే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా. పదో తరగతి పాసయితే జీతం కాస్త ఎక్కువున్న పని ఇస్తామన్నారట. ఓపెన్ స్కూలు పరీక్షకని సాయంత్రం క్లాసుల్లో చేరింది. ఎంత కష్టపడ్డా వత్తులు దాటి చదువు సాగలేదు. ‘ప’ ఏదో ‘వ’ ఏదో, ‘ద’ ఏదో ‘ధ’ ఏదో తేలదు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకుంటే డిస్లెక్సియా అన్నారు. ఆ కాగితాన్ని పాఠం చెప్పే టీచరుకు ఒక్కదానికే చూపించింది.

టీచరు చెడ్డమనిషి కాదు. సాయం చేద్దామనే హాజరు రిజిస్టరులో ఈమె పేరు పక్కన ఎర్ర సిరాతో ఆ ముక్క రాసింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో "ఈమెకు మెదడు సమస్య ఉంది, అందరూ సహకరించాలి" అని పెట్టింది. ఆ గ్రూపులో ఉన్న ఒకావిడ, ఈమె కూతురికి అనుకుంటున్న పెళ్ళివారికి చుట్టం. వారం తిరక్కుండానే జాతకాలు కుదరలేదని కబురొచ్చింది. ఈమె క్లాసు మానేసింది, నిద్ర పోయింది, బి.పి. వచ్చి కూర్చుంది.

ఆమె చెబుతుంటే నేను చేసిన తప్పొకటి జ్ఞాపకం వచ్చింది. చాలా ఏళ్ళ క్రితం, క్యూ నిండుగా ఉన్న వేళ, షుగరు మందులకు వచ్చిన ఒక యువకుడితో "ఏమోయ్, నీకు చదవటం రాదటగా! చీటీ కాంపౌండరు చదివి చెబుతాడులే" అని గట్టిగా అన్నాను. నాలుగు వైపులా నవ్వులు. ఆ కుర్రాడు మళ్ళీ నా ఓ.పి.కి రాలేదు. మందులు ఎక్కడైనా వాడాడో, మానేశాడో ఇప్పటికీ నాకు తెలియదు.

అసలు ఏమిటీ డిస్లెక్సియా?

ఇది పిచ్చి కాదు, మందబుద్ధి కాదు, సోమరితనం అంతకన్నా కాదు. విన్న శబ్దాన్నీ కంటికి కనబడే అక్షరాన్నీ చటుక్కున జతచేసే పని మెదడులో సాఫీగా జరగకపోవటం. మాటలాడితే నోటితో అందుకునే 14 ఏళ్ళ కుర్రాడు అక్షరాలు మాత్రం చదవలేకపోవటాన్ని ప్రింగిల్ మోర్గాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1896లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వర్ణించాడు. రాతలో వచ్చే ఇబ్బందిని డిస్‌గ్రాఫియా అనీ, లెక్కల్లో వచ్చేదాన్ని డిస్‌కాల్క్యులియా అనీ అంటారు. కొన్ని కుటుంబాలలో ఇది ఎక్కువగా కనిపించే మాట నిజమే. అంతమాత్రాన పెళ్ళి ఆపవలసిన జబ్బు కాదు. దీన్ని మాన్పే టానిక్కు లేదు. కాని శబ్దం, అక్షరం, గుణింతం, వత్తు వరుసగా, నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ నేర్పితే పెద్దవాళ్ళు కూడా చదవగలుగుతారు.

ముందు ఇవి చూపించుకోండి

చదువు రావటం లేదని వచ్చిన ప్రతి పెద్దవారికీ డిస్లెక్సియా అని ముద్ర వేయకూడదు. నలభై దాటాక వచ్చే చత్వారానికి అద్దాలు పెడితే చాలు, అక్షరాలు కుదురుగా కనబడతాయి. కంటిలో పొర, వినికిడి లోపం, థైరాయిడ్ తక్కువగా ఉండటం, రక్తహీనత, దిగులు జబ్బు — ఇవన్నీ చదువుకు అడ్డుపడేవే. చిన్నప్పుడు బడి ముఖమే చూడనివారికి అక్షరాలు ఆలస్యంగా రావటం సహజం. అది లోపం కాదు.

ఎవరికి, ఎంత చెప్పాలి?

టీచరుకు జబ్బు పేరు చెప్పనక్కరలేదు. మీకేం కావాలో చెబితే చాలు. "నాచేత అందరి ముందూ పైకి చదివించకండి, అక్షరాలు పెద్దవిగా రాయండి, కాస్త సమయం ఎక్కువ ఇవ్వండి" అనండి. పరీక్షలో అదనపు సమయం గాని, రాసిపెట్టే మనిషిని గాని కోరేటప్పుడు మాత్రం సర్టిఫికెట్టు చూపక తప్పదు. దాన్ని పరీక్ష వ్యవహారం చూసే అధికారికే, కవరులో పెట్టి ఇవ్వండి. అందినట్టు రసీదు తీసుకోండి. అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. నకలు మీద ‘ఫలానా పరీక్ష నిమిత్తం మాత్రమే’ అని రాయండి.

చదువు చెప్పేవారికి నాలుగు మాటలు

ఇవాళ పెద్దలకు చదువు చెప్పేవారిలో చాలామంది వాలంటీర్లే. 2022లో మొదలైన ఉల్లాస్ అక్షరాస్యతా పథకం నడిచేదే వారి మీద. అందుచేత వారికి ఈ మనవి.

హాజరు పట్టీలో, గోడమీది జాబితాలో, ఫోన్ గ్రూపులో ఎవరి లోపమూ రాయకండి.

అడగవలసింది ఉంటే అందరూ వెళ్ళాక, ఒంటరిగా అడగండి.

ఇంకొకరికి చెప్పటం అవసరమనిపిస్తే, ముందు ఆ మనిషి అనుమతి తీసుకోండి. వద్దంటే మానండి. భర్తకైనా, అత్తగారికైనా ఇదే నియమం.

పెద్ద అక్షరాలు, నిదానం, నోటిపాఠం — వీటిని క్లాసు మొత్తానికీ ఇవ్వండి. అప్పుడు ఎవరికోసమో ఎవరికీ తెలియదు.

చట్టం ఏమంటోంది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ లోపం లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో దీన్ని చేర్చారు. అందువల్ల సౌకర్యాలు కోరటం హక్కే గాని బిచ్చం కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రోగి రహస్యం కాపాడటం వైద్యుడి విధి అని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. డాక్టరు బయటపెట్టకూడని మాట టీచరుకు మాత్రం ఎలా చెల్లుతుంది?

ఆమె సంగతి చెప్పలేదు కదూ! టీచరును పిలిపించి మాట్లాడాను. పాపం, ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రిజిస్టరులో ఆ ముక్క కొట్టేసింది, గ్రూపులో పెట్టిన మాట తీసేసింది. కాని జనం నోళ్ళలోకి వెళ్ళినదాన్ని ఎవరు తీయగలరు? పోయిన సంబంధం తిరిగి రాలేదు. ఆమె మాత్రం మరో పేటలోని క్లాసులో చేరింది. ఓపెన్ స్కూల్లో సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయనక్కరలేదు. ఈసారికి తెలుగు, సాంఘికశాస్త్రం కట్టింది. మొన్న బి.పి. 130/84 ఉంది.

ఆమె అనుమతి తీసుకునే ఇది రాశాను. ఊరూ, పనీ మార్చాను. పేరు సరేసరి. నా ఓ.పి.లో ఇప్పుడు రోగి కుర్చీ నా బల్లకు దగ్గరగా జరిపించాను. క్యూ గుమ్మం బయటే ఆగుతుంది. దీనికి ప్రభుత్వం పైసా ఖర్చు పెట్టలేదు.