తప్పు పిల్లల పేరులో లేదు, ఫారంలో ఉంది

ఏ ఆన్‌లైన్ ఫారం తెరిచినా మొదట అడిగేది పేరే. చాలామంది తల్లిదండ్రులు అక్కడే ఆగిపోతారు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు బాక్సులు, రెండింటి పక్కనా తప్పనిసరి అని ఎర్ర స్టార్ గుర్తు. పాప పేరు ‘కె. హర్షిత’ అనుకుందాం. ముందు వచ్చేది ‘కె’ కదా అని ఫస్ట్ నేమ్‌లో రాస్తే, కొన్ని ఫారాలు ఒక్క అక్షరం చాలదంటాయి. చుక్క పెడితే ‘ఇన్‌వాలిడ్ నేమ్’ అంటాయి. లాస్ట్ నేమ్ వదిలేస్తే పేజీ ముందుకు కదలదు. చివరికి నెట్ సెంటర్‌లో కూర్చున్న అబ్బాయి తనకు తోచినట్టు నింపేస్తాడు. ఆ తోచినట్టు నింపిన పేరే ఏళ్ల తరబడి పాప వెంట వస్తుంది.

ఈ ఇబ్బంది ఎందుకు వస్తోందో, పిల్లల కోసం ముందే ఏం సర్దుకోవచ్చో ఈ నెల చూద్దాం.

ఫస్ట్ నేమ్ అంటే ముందు రాసే పేరు కాదు

ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో పెట్టిన పేరు ముందు, ఇంటిపేరు చివర రాస్తారు. అందుకే వాళ్లకు పెట్టిన పేరు ‘ఫస్ట్’, ఇంటిపేరు ‘లాస్ట్’. మనకు ఇంటిపేరే ముందు వస్తుంది. అదీ చాలాసార్లు ఒక్క అక్షరంగానే. కాబట్టి ఫస్ట్ నేమ్ అన్నా, గివెన్ నేమ్ అన్నా పెట్టిన పేరే రాయాలి. లాస్ట్ నేమ్, సర్‌నేమ్, ఫ్యామిలీ నేమ్ ఏది అడిగినా ఇంటిపేరే రాయాలి. పిల్లలకూ ఇది ఇప్పటి నుంచే చెప్పండి.

ఇంతకీ ప్రపంచంలో అందరికీ ఇంటిపేరు ఉంటుందా? తమిళనాడులో చాలామంది పేరు ముందు ఉండే అక్షరం తండ్రి పేరుది. ఇండోనేసియాలో ఒక్క పేరుతోనే బతికేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ దేశాధ్యక్షులుగా పనిచేసిన సుకర్ణో, సుహార్తో అలాంటివాళ్లే. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి తండ్రి పేరో తల్లి పేరో చివర చేరుతుంది తప్ప వంశం పేరు ఉండదు. ఫారం తయారుచేసినవాళ్లు తమకు తెలిసిన పద్ధతే లోకమంతా ఉందనుకున్నారు. ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామర్ 2010లో, పేర్ల గురించి ప్రోగ్రామర్లు నమ్మే 40 తప్పుడు నమ్మకాలతో ఒక జాబితానే రాశారు.

ఇబ్బంది పడేది ఎవరు?

హవాయిలో ఒక మహిళ ఇంటిపేరు 35 అక్షరాలు. ఆమె డ్రైవింగ్ లైసెన్సు మీద చివరి అక్షరం తెగిపోయింది, పెట్టిన పేరుకు చోటే లేకపోయింది. ఆమె గట్టిగా అడిగాక 2013లో అక్కడి ప్రభుత్వం పేరుకు 40 అక్షరాల దాకా చోటిచ్చింది. ‘నాగ వెంకట సత్య సాయి’ అని మొదలయ్యే పేర్లున్న మన ఇళ్లలో ఈ బాధ వేరే చెప్పాలా?

అమెరికా వెళ్లే మన పిల్లలది ఇంకో కథ. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తే, వీసా మీద పెట్టిన పేరు ఇంటిపేరు స్థానంలోకి పోతుంది. పెట్టిన పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరుండగా, యూనివర్సిటీ కార్డు మీద ఎఫ్‌ఎన్‌యూ అని చూసుకునే విద్యార్థులు ఉన్నారు.

2022 నవంబరులో యూఏఈ కూడా ఒక నిబంధన తెచ్చింది. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే విజిట్ వీసా మీద రానివ్వబోమంది. కొద్ది రోజులకే, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించింది. గల్ఫ్‌లో అయినవాళ్లున్న కుటుంబాలకు ఆ కొద్ది రోజుల ఆందోళన గుర్తుండే ఉంటుంది.

ఒకే మనిషి, నాలుగు పేర్లు

మన దగ్గర ఆధార్‌లో పేరంతా ఒకే వరుసలో ఉంటుంది. పాన్ దరఖాస్తు మూడు ముక్కలుగా అడుగుతుంది. పాస్‌పోర్టు రెండుగా అడుగుతుంది. దీనికి స్పెల్లింగ్ తోడు. గీత, లత, హర్షిత వంటి పేర్లలో ‘త’ను మనం టి, హెచ్ కలిపి రాస్తాం. ఉత్తరాది పద్ధతిలో ఒక్క టి చాలు. ఆపరేటర్ చేతిలో హెచ్ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట పోతుంది. మనకు ఆ ఇద్దరూ ఒకే హర్షిత. కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు.

మంచి పద్ధతి లేక కాదు. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ, బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ మార్గదర్శకాలు రెండూ చెప్పేది ఒకటే: వీలైనంతవరకు పేరంతటికీ ఒకే బాక్సు ఇవ్వండి. అన్ని ఫారాలూ అలా మారేదాకా జాగ్రత్త మనదే. ‘అపార్’ ఐడీ రావాలంటే స్కూలు వివరాల్లోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకటే కావాలి. జేఈఈ, నీట్ దాకా వెళ్తే పదో తరగతి సర్టిఫికెట్‌లోని పేరు ముఖ్యమవుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో చేయవలసినవి

1. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ ప్రోగ్రెస్ కార్డు పక్కపక్కన పెట్టండి. పేరును అక్షరం అక్షరం చదవండి. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ కూడా చూడండి.

2. ఇంటిపేరు పూర్తిగా ఉండాలా, ఏ స్పెల్లింగ్ ఉండాలి అన్నది ఇంట్లో అందరూ కలిసి ఒక్కసారి తేల్చుకోండి. ఇంటిపేరు పూర్తిగా రాయడమే మేలు. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు ఒప్పుకోరు.

3. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే ఉంటుంది. తొందరపడి ఒకటి వృథా చేసుకోకండి. 5 ఏళ్లకు, 15 ఏళ్లకు బయోమెట్రిక్ అప్‌డేట్ కోసం ఎలాగూ వెళ్తారు, అప్పుడే పేరు కూడా సరిచూసుకోండి.

4. స్కూల్ రికార్డులో తేడా ఉంటే పదో తరగతి నామినల్ రోల్స్ పంపకముందే సరిచేయించండి. సర్టిఫికెట్ వచ్చాక ఆ పని బోర్డు దాకా వెళ్తుంది.

5. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేటప్పుడు సర్‌నేమ్ బాక్సు ఖాళీగా వదలకండి.

6. నెట్ సెంటర్‌లో సబ్‌మిట్ నొక్కే ముందు స్క్రీన్ మీ వైపు తిప్పమనండి. పేరు మీరే చదవండి. ఫారం ఒప్పుకోకపోతే నోటికొచ్చిన అక్షరం వేయించకండి. ఫోటో తీసుకుని హెల్ప్‌లైన్‌కు పంపండి, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి.

ఇంకొక్క మాట. ఫారం నింపేటప్పుడు పిల్లలు మన పక్కనే ఉంటారు. తెర మీద ‘ఇన్‌వాలిడ్ నేమ్’ అని ఎర్రగా కనబడితే, “నీ పేరుతో ఎప్పుడూ ఇదే గొడవ” అని విసుక్కోకండి. “ఈ ఫారం రాసినవాళ్లకు మన పేర్ల సంగతి తెలియదమ్మా” అని చెప్పండి. రేపు వాళ్లలో కొందరు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లవుతారు. వాళ్లకైనా ఇది గుర్తుంటే అందరికీ మేలే.

రికార్డుల్లో ఎక్కడ తేడా కనిపించినా డైరీలో రాసి పంపండి. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కు బర్త్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్ కాపీలు తెచ్చుకుంటే క్లాస్ టీచర్ దగ్గర స్కూల్ రికార్డుతో సరిచూసుకోవచ్చు.