కోళ్ల జాలీకి చిక్కిన టీవీ

"సార్, జాలీకి అన్ని బొక్కలుంటే సిగ్నల్ కారిపోదా?"

తొమ్మిదో తరగతి కుర్రాడి ప్రశ్న. క్లాసులో 1975 నాటి ఫొటో ఒకటి చూపిస్తున్నాను. బడి ముందు పది అడుగుల గొడుగు యాంటెన్నా, ఎదురుగా టీవీ, దాని ముందు నేల మీద ఊరంతా. ఆ గొడుగుకు బిగించింది రేకు కాదు, కోళ్ల గూళ్లకు కొట్టే చికెన్ మెష్. పిల్లాడి అనుమానం న్యాయమైనదే.

మర్నాడు మార్కాపురం హార్డ్‌వేర్ షాపులో గజం జాలీ కొని, పెట్టెలా వంచి, పాడుతున్న ఎఫ్ఎం రేడియోను అందులో పెట్టాను. నాలుగు పక్కలా అంచులు కలిపి మెలేసేసరికి పాట పోయి గరగర మిగిలింది. అదే పెట్టెలో టార్చి వేసి పెడితే వెలుతురు మాత్రం హాయిగా బయటికొచ్చింది. బొక్కలు అవే, తేడా అలల పొడవులో ఉంది. ఎఫ్ఎం అల దాదాపు మూడు మీటర్లు, వెలుతురు అల మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. రేడియో అల తీగను తాకగానే అందులోని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊపులోంచి మళ్లీ ఓ అల పుట్టి వెనక్కి మళ్లుతుంది. బొక్క అలకన్నా బాగా చిన్నదైతే జాలీకీ రేకుకూ ఆ అల దృష్టిలో పెద్ద తేడా లేదు.

ఫొటోలోని గొడుగుకు వచ్చిన సిగ్నల్ 860 మెగాహెర్ట్జ్. అల పొడవు 35 సెంటీమీటర్లు. జాలీ బొక్క రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు కాబట్టి కారిపోయేది నామమాత్రం. ఇంకో సుఖం ఉంది: అద్దంలా పనిచేయాలంటే గొడుగు వంపులో తప్పు అల పొడవులో పదహారో వంతు దాటకూడదని ఓ లెక్క. ఇక్కడ అది రెండు సెంటీమీటర్లు. ఆ మాత్రం కొలత మన ఊరి వెల్డింగ్ షాపువాడు కళ్లు మూసుకుని తెస్తాడు. పైగా గాలి బొక్కల్లోంచి పోతుంది, గొడుగు పడిపోదు.

అసలు తమాషా పైన ఉంది. సిగ్నల్ పంపిన అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 గొడుగు కూడా జాలీయే! రాగి పూత పూసిన డాక్రాన్ దారాల వల, తొమ్మిది మీటర్ల వెడల్పు. అంతటిది రాకెట్టులో పట్టదు. అందుకని 48 అల్యూమినియం పట్టీలను నడిమి ఇరుసు చుట్టూ చుట్టేశారు. 1974 మే 30న ప్రయోగించి కక్ష్యలోకి చేర్చాక కట్టు తెంచగానే పట్టీలు వాటంతటవే విచ్చుకున్నాయి. మోటారుతో పని లేదు. ఆ ఉపగ్రహంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని అదే.

ట్రాన్స్‌మిటర్ శక్తి 80 వాట్లు, ఒక సీలింగ్ ఫ్యాన్ తినేంత. అది 36 వేల కిలోమీటర్ల అవతల ఊళ్లో బొమ్మ చూపించడానికి సరిపోవడం పెద్ద గొడుగు చలవ. గొడుగు పెద్దదైనకొద్దీ కిరణం సన్నబడుతుంది, శక్తి చెల్లాచెదురు కాదు. పైన గొడుగు చిన్నదైతే కింద ప్రతి ఊళ్లో ఖరీదైన గొడుగు కావాలి. ఖర్చంతా ఆకాశంలో ఒక్కచోట పెట్టి, కింద దాదాపు 2400 ఊళ్లలో జాలీతో సరిపెట్టారు. భారత అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడైన విక్రమ్ సారాభాయ్ పట్టుబట్టి తెచ్చిన సైట్ (ఉపగ్రహం ద్వారా బోధనా టీవీ) ప్రయోగం అది. ఆయన 1971లోనే పోయారు, చూడలేదు. సెట్లు మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి.

నేల మీది టవర్లతో ఇది కుదిరేది కాదు. 1964లో లండన్‌లో బీబీసీ-2 యూహెచ్ఎఫ్ అలల మీద మొదలైంది. ఆ యూహెచ్ఎఫ్ అలలు కొండ చాటుకు సరిగా పోవు కాబట్టి బ్రిటన్ అంతటా వందల రిలే టవర్లు నాటాల్సి వచ్చింది. నల్లమలకూ వెలికొండలకూ మధ్య ఇరుక్కున్న కంభం, గిద్దలూరుల సంగతి చెప్పాలా? ఏటీఎస్-6ను మాత్రం భారత్ కోసం కెన్యా నెత్తిన నిలిపారు. మన వైపు నుంచి అది దాదాపు పడమరకు, 36 డిగ్రీల ఎత్తులో ఉండేది. నల్లమల ఏ మూలా అంత ఎత్తుకు అడ్డం రాదు.

అయినా మనకు దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో కర్నూలు ఉంది. గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు 1970లోనే కర్నూలును వదిలి ఒంగోలు జిల్లాలో కలిశాయి. కనుమ దాటితే నాటి కర్నూలు జిల్లా, అక్కడికి టీవీ వచ్చింది. జిల్లా మారకపోతే మన ఊళ్లలోనూ నాలుగు గొడుగులు లేచేవేమో!

1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సైట్ ప్రసారాలు: పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. సేద్యం, పశువులు, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, వార్తలు, కాస్త ఆటపాట. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తీసేవారు. ఒకే బొమ్మకు రెండు భాషల మాట జోడించి పంపే వీలు కూడా ఉండేది. 1976 జులై 31తో గడువు తీరి, ఉపగ్రహం అమెరికా వైపు వెళ్లిపోయింది. 1983లో మన ఉపగ్రహం ఇన్శాట్-1బీ వచ్చింది, తర్వాత కేబుల్, ఆ తర్వాత మిద్దెల మీది చిన్న డిష్. ఈ డిష్‌కు వచ్చే అల రెండున్నర సెంటీమీటర్లే, దానికి కోళ్ల జాలీ పనికిరాదు, నున్నటి రేకే కావాలి.

కర్నూలు, నంద్యాల వైపు ఏ పంచాయతీ ఆఫీసు వెనకో, పాత బడి మూలనో అలాంటి గొడుగు చట్రం ఇంకా పడి ఉంటే పాత ఇనుము కింద తూచేయకండి. దగ్గర్లోని హైస్కూలుకు ఇవ్వండి, జాలీ ఖర్చు మేం పెట్టుకుంటాం.