తీగకు వెలుపలి కీమన్లు

న్యూఢిల్లీ: రైలెక్కిన ప్రయాణికులలో కీమన్‌ను తలచుకొనేవారు అరుదు. సుత్తి చేతబట్టి, తన వంతు పట్టాను ప్రతిదినం నడిచి చూసే ఆ మనిషి లోకానికి గుర్తువచ్చేది ప్రమాదం జరిగిన నాడే. అయినా ఆయన జీతం రైల్వే పద్దులో ఉంటుంది.

ఈ సంగతి బిలాస్‌పూర్‌కు ఒకరు చెప్పనక్కరలేదు. ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన ఆ పట్టణంలో రైల్వే కొలువును నమ్ముకొని తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి ‘తార్‌బహార్’ పేటకు మాటకు మాట అర్థం ‘తీగకు వెలుపల’ అని. అటువంటి పేటలో పుట్టిన నేటి ఇంజనీరు ఇల్లు కదలకుండానే, ఖండాంతరాల సర్వర్లలో నడిచే ఓపెన్ సోర్స్ ప్యాకేజీలకు కాపలా కాయవచ్చు.

ఏమిటా కాపలా? మూల రచయితలు చేసిన మార్పులను పరీక్షించాలి. ఇతర ప్యాకేజీలతో పొసగేటట్లు కూర్చాలి. భద్రతాలోపం బయటపడితే పాత కూర్పులకు సైతం మరమ్మతు అందించాలి. 1993లో ఆరంభమైన డెబియన్‌లో ఈ భారం మోసేవారు స్వచ్ఛంద సేవకులు.

ఈ ఏర్పాటు ఎంత బలహీనమో 2024 మార్చిలో తేలింది. దత్తాంశాన్ని కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న ప్యాకేజీని ఫిన్లండుకు చెందిన లాస్సే కొలిన్ జీతభత్యాలు లేకుండా ఏళ్ల తరబడి పోషించారు. ‘జియా తాన్’ అనే పేరుతో ఒకరు సహాయకుడుగా చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి అమర్చారు. సర్వరులో ప్రవేశానికి అర సెకను అదనంగా పడుతున్నదేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయకుంటే, ఆ దొంగదారి ప్రపంచంలోని అసంఖ్యాక సర్వర్లకు చేరి ఉండేది. అలసిన ఒంటరి కాపలాదారే ఇక్కడ కన్నానికి అనువైన గోడ అయినాడు.

మన కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ ‘స్వీకరణ’ విధానాన్ని ప్రకటించింది. స్వీకరించడం సులభం, పోషించడం మాటేమిటి? జర్మనీ 2022లో ఇందుకై ప్రభుత్వ నిధినే నెలకొల్పింది. ప్రభుత్వ సర్వర్లు ఆధారపడిన ఉచిత సాఫ్ట్‌వేర్ సంరక్షణకు ఏటా ఎంత వెచ్చిస్తున్నారని ప్రశ్నోత్తరాల సమయంలో మన సభ్యులు నిలదీయవచ్చు. అది సాంకేతిక నిపుణులకు విడిచిపెట్టవలసిన ప్రశ్న కాదు. ప్రజల పింఛను, భూమి హక్కు, బ్యాంకు ఖాతా అన్నీ ఆ పట్టాల మీదనే నడుస్తున్నాయి.

పట్టా లోపలి కీమన్‌కు జీతమిచ్చే రాజ్యం, తీగకు వెలుపలి కీమన్‌ను దాతృత్వానికి వదిలివేయడం పొదుపు కాదు, ప్రమాదం.