డిగ్రీలో కంప్యూటర్ పేపర్ పాసయ్యాం సరే... కంప్యూటర్ వచ్చిందా?

జూన్ నెల వచ్చిందంటే లాప్‌టాప్ రివ్యూలు రాసే మాలాంటి వాళ్ళకు ఒకటే ప్రశ్న పదే పదే వస్తుంటుంది. "అన్నా, డిగ్రీలో చేరుతున్నా. నలభై వేలలో మంచి లాప్‌టాప్ ఏది?" ర్యామ్ ఎంత ఉండాలి, ఏ ప్రాసెసర్ తీసుకోవాలి, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది... ఓపిగ్గా చెప్తుంటాను. కానీ నిరుడు మా పిన్ని కూతురు ఇదే ప్రశ్న అడిగితే మాత్రం ఎదురు ప్రశ్న వేశాను. "ఆ లాప్‌టాప్‌తో మీ కాలేజీ నీ చేత ఏం చేయిస్తుంది?"

తను చేరింది బీఏ ఎకనామిక్స్‌లో. కాసేపు ఆలోచించి, "ఏమో అన్నయ్యా, కంప్యూటర్ పేపర్ ఒకటి ఉందట" అంది.

నేను డిగ్రీలో చేరినప్పుడు కూడా ఇంట్లో ఇదే మాట చెప్పాను. ఆ పేపర్ నాకేం నేర్పిందో, ఏం నేర్పలేదో ముందు చెప్తాను.

43 మార్కులు, 11 జీతాలు

నేను చదివింది బీకాం, జిల్లాలో ఒక మామూలు డిగ్రీ కాలేజీలో. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో సీబీసీఎస్ సిలబస్ వచ్చింది. ఐసీటీ పేరుతో ఫౌండేషన్ కోర్సులు పెట్టారు. ఒకదాంట్లో కంప్యూటర్ ఫండమెంటల్స్, ఆఫీస్ టూల్స్. ఇంకోదాంట్లో ఇంటర్నెట్, వెబ్ టూల్స్. వారానికి రెండు గంటలు, రెండు క్రెడిట్లు, 50 మార్కులు. ఆలోచన మంచిదే.

మా దగ్గర అది నడిచిన తీరు వేరు. ల్యాబ్‌లో అరవై మందికి పనిచేసే సిస్టమ్‌లు పదిహేను. ఒక్కోదాని ముందు నలుగురం. మౌస్ ఎవడి చేతిలో ఉంటే వాడు నేర్చుకునేవాడు, మిగతా ముగ్గురం చూసేవాళ్ళం. పరీక్ష మాత్రం కాగితం మీద. మెయిల్ మెర్జ్ ఎలా చేస్తారో రాయమంటే పెన్నుతో స్టెప్పులు రాశాం. ఎక్సెల్ ఉపయోగాలు పది పాయింట్లు బట్టీ పట్టాను. 50కి 43 వచ్చాయి. ఇంట్లో అందరూ సంతోషించారు.

డిగ్రీ అయ్యాక ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌లో చేరాను. రెండో నెలలోనే, సరిగ్గా దసరా ముందు, జీతాల ఫైల్ తయారుచేసి బ్యాంకుకు పంపే పని నాకు ఇచ్చారు. పేర్లు, ఖాతా నంబర్లు, ఎవరికి ఎంత... అన్నీ కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేశాను. కొన్ని ఖాతా నంబర్లు వింతగా, మధ్యలో చుక్క పెట్టుకుని పొట్టిగా కనిపించాయి. ఫార్మాట్ మార్చాను, మళ్ళీ మామూలుగా పొడుగ్గా కనిపించాయి. హమ్మయ్య అనుకుని పంపేశాను.

మర్నాడు 11 మంది జీతాలు వెనక్కి వచ్చాయి. ఆ ఖాతాలే లేవట. చూస్తే ఆ 11 నంబర్లకూ చివరి అంకె సున్నా. వాళ్ళందరివీ 16 అంకెల ఖాతాలు. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా మొదటి 15 అంకెలనే నిక్కచ్చిగా దాచుకుంటుంది, ఆ తర్వాతవి సున్నాలైపోతాయి. ఎర్ర గుర్తు రాదు, హెచ్చరిక రాదు. సరిచేసి మళ్ళీ పంపి, డబ్బు పడేసరికి పండగ అయిపోయింది. ప్యాకింగ్‌లో పనిచేసే ఆయన వచ్చి, "పిల్లలకు బట్టలు తీస్తానని మాటిచ్చాను బాబూ" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

తప్పు నాదే. ఖాతా నంబర్ అంటే కూడికలు, తీసివేతలు చేసే సంఖ్య కాదు. అది పేరు లాంటిది. గడిని ముందే టెక్స్ట్‌గా మార్చి పేస్ట్ చేయాలి. ఈ ఒక్క ముక్క మూడేళ్ళలో నా చెవిన పడలేదు. కంప్యూటర్ క్లాసులో పడలేదు, ఎందుకంటే అక్కడ ఖాతా నంబర్లు లేవు. అకౌంటెన్సీ క్లాసులో పడలేదు, ఎందుకంటే అక్కడ కంప్యూటర్ లేదు.

నా పాయింట్ ఇదే. డిగ్రీలో టెక్నాలజీని ఒక పక్కన వేరే పేపర్‌గా పెడితే సరిపోదు. ఎవరి సబ్జెక్టులో వాళ్ళకు, ఆ సబ్జెక్టు పనిలోనే కలిపి నేర్పాలి.

శాస్త్రవేత్తలకూ తప్పలేదు

ఇది నాలాంటి బీకాం కుర్రాళ్ళ బాధే అనుకోకండి. మనిషి జన్యువుల్లో కొన్నింటికి మార్చ్1, సెప్ట్1 లాంటి పొట్టి పేర్లు ఉండేవి. ఎక్సెల్‌లో టైప్ చేస్తే అవి మార్చి 1, సెప్టెంబరు 1 అని తేదీలైపోయేవి. ఏళ్ళ తరబడి పరిశోధన పత్రాల్లోకి కూడా ఈ తప్పులు ఎక్కాయి. చివరికి జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీయే దిగొచ్చింది. 2020 నాటికి అలాంటి పేర్లను మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని మార్చేసింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు కొన్ని రోజుల పాటు లెక్కలోకి రాలేదు. పాత ఎక్సెల్ ఫైల్ ఫార్మాట్‌లో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగతావి చడీచప్పుడు లేకుండా జారిపోయాయి.

ఇప్పుడు ఒక మంచి ఉదాహరణ. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఒక పేపర్ రాశారు. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి బాగా పడిపోతుందని దాని సారాంశం. ప్రభుత్వ ఖర్చులు కోయాలని వాదించే నాయకులు దాన్ని తెగ వాడుకున్నారు. మరోపక్క మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్న్‌డన్ అనే పీజీ విద్యార్థికి క్లాసులో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. ప్రచురితమైన ఒక పేపర్ తీసుకుని, అందులోని ఫలితాలను మీరే మళ్ళీ లెక్కగట్టి చూడండి అని. అతను ఈ పేపర్ ఎంచుకున్నాడు. ఎంత చేసినా లెక్క కుదరలేదు. రచయితలను అడిగితే వాళ్ళ ఎక్సెల్ ఫైల్ పంపారు. తెరిచి చూస్తే, సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు కలవలేదు! ఇంకొన్ని లోపాలు కూడా కలిపి సరిచేస్తే, మైనస్ 0.1 శాతం అన్న వృద్ధి ప్లస్ 2.2 శాతంగా తేలింది. 2013లో ఇది బయటికొచ్చాక రచయితలు ఎక్సెల్ తప్పు ఒప్పుకున్నారు, మొత్తం వాదన మాత్రం నిలుస్తుందన్నారు.

అతనికి ఇచ్చింది కంప్యూటర్ పేపర్ కాదు, ఎకనామిక్స్ హోంవర్క్. అయినా డేటా ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా పరీక్షించాలి, ఫార్ములా ఎలా చదవాలి అన్నవన్నీ అందులోనే వచ్చేశాయి.

మిరప రేట్లు, సున్నాలు

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా చెల్లి ఫోన్ తెచ్చి చూపించింది. గూగుల్ షీట్స్‌లో ఏదో గ్రాఫ్. వాళ్ళ ఎకనామిక్స్ మేడమ్ ఒక పని ఇచ్చారట. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో రోజువారీ మార్కెట్ ధరలు ఉంటాయి. అందులోంచి గుంటూరు మిరప ధరలు తీసుకుని, నెలవారీ సగటు కట్టి, ఎందుకు పెరిగిందో ఎందుకు తగ్గిందో ఒక పేజీ రాయాలి. ఇంటర్నల్‌లో పది మార్కులు. క్లాసులో సగం మందికి పైగా లాప్‌టాప్ లేదు, అందరూ ఫోన్‌లోనే చేశారు.

"మొదటిసారి సగటు చాలా తక్కువ వచ్చింది అన్నయ్యా. మా నాన్న చూసి, ఆ నెల రేటు అంత లేకపోవడమేంటి అన్నాడు" అంది. బాబాయి మిరప రైతు మరి. సంగతేంటంటే, యార్డుకు సెలవున్న రోజుల్లో ధర ఉండదు కదా, ఆ గడులు ఖాళీగా ఉంచకుండా తను సున్నాలు నింపింది. షీట్ ఆ సున్నాలను కూడా ధరలే అనుకుని సగటు కట్టేసింది. ధర లేకపోవడం వేరు, ధర సున్నా కావడం వేరు. ఈ తేడా తనకు ఇక జన్మలో మర్చిపోదు. నా 43 మార్కుల పేపర్ కంటే ఈ పది మార్కులే నయం.

ప్రతి సబ్జెక్టుకూ ఇలాంటి పని దొరుకుతుంది. కామర్స్ వాళ్ళకు ట్యాలీ ప్రైమ్ ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం. నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు వేయనిస్తుంది కానీ, నేర్చుకోవడానికి అది చాలు. బోటనీ వాళ్ళు క్యాంపస్‌లోని మొక్కలను ఐనాచురలిస్ట్ యాప్‌లో నమోదు చేసి, యాప్ చెప్పిన పేరు సరైనదో కాదో పుస్తకంతో పోల్చవచ్చు. జాగ్రఫీ వాళ్ళకు క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, ఇస్రో భువన్ మ్యాపులు ఉచితం. తెలుగు మెయిన్ వాళ్ళకు యూనికోడ్ కావాలి. డీటీపీలో అను ఫాంట్లతో కొట్టిన ఫైల్‌ను వేరే సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు ఎందుకొస్తాయో, యూనికోడ్‌లోకి ఎలా మార్చాలో తెలిసినవాళ్ళకు ఏ పత్రికలోనైనా పని ఉంటుంది. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ విద్యార్థులు తెలుగు వికీపీడియాకు వ్యాసాలు రాశారు. ఏ మాటకు ఏ ఆధారం ఇవ్వాలో తెలియాలంటే అంతకు మించిన ప్రాక్టికల్ లేదు.

మరి వేరే పేపర్ తీసేయాలా?

వద్దు. ఇక్కడ ఎదుటివాళ్ళ వాదనలోనూ నిజం ఉంది. కీబోర్డు ఎప్పుడూ ముట్టని పిల్లలు డిగ్రీకి వస్తున్నారు. వాళ్ళకు ఫైల్ సేవ్ చేయడం దగ్గర్నుంచి ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. పైగా అన్ని సబ్జెక్టుల్లో కలిపేయండి అంటే, ఎవరికి వారు పక్కవాళ్ళు చెప్తారులే అని వదిలేసే ప్రమాదం ఉంది. లెక్చరర్లలో చాలామందికి వీటిలో ట్రైనింగ్ కూడా లేదు.

అందుకే నేననేది, మొదటి సెమిస్టర్‌లో ఒక పేపర్ ఉండనివ్వండి, కానీ దాని పరీక్ష సిస్టమ్ ముందు పెట్టండి. ఆ తర్వాత ప్రతి సెమిస్టర్‌లో, ప్రతి మెయిన్ సబ్జెక్టులో, ఆ మేడమ్ చేయించినట్టు ఒక్క పని. అంతే. క్రెడిట్లకు కొరత లేదు. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లో స్కిల్ ఎన్‌హాన్స్‌మెంట్ కోర్సులకు 9 క్రెడిట్లు, డిజిటల్ విషయాలు కూడా కలిసిన వాల్యూ యాడెడ్ కోర్సులకు 6 నుంచి 8 క్రెడిట్లు ఉన్నాయి. వనరులూ ఉన్నాయి. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. వాటిలో వెతకడం ఎలాగో క్లాసులో ఒక గంట చూపిస్తే కదా అవి పనికొచ్చేది!

ఏఐ ఉందిగా అన్నా, ఇదంతా ఎందుకు?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. నేనూ రోజూ వాడతాను. కానీ సున్నాలున్న షీట్ ఇచ్చి సగటు అడిగితే, ఆ సున్నాలు సెలవు రోజులని దానికి ఎవరు చెప్పాలి? మిరప యార్డు సంగతి తెలిసినవాళ్ళే చెప్పాలి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు, వాళ్ళ ఆఫీసు కలిపి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. చాట్‌జీపీటీ చెప్పిన తీర్పులను కోర్టులో దాఖలు చేశారు, అసలు ఆ తీర్పులే లేవు. వాళ్ళకు రాకపోయింది ఏఐ వాడటం కాదు, వచ్చిన జవాబును సరిచూసుకోవడం.

సరే, ఏం కొనాలి?

గాడ్జెట్ సైట్‌కు వచ్చి ఉత్త చేతులతో ఎలా వెళ్తారు! బడ్జెట్ ఉంటే 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చూడండి. కుదరకపోతే 8 జీబీ తీసుకోండి, కానీ తర్వాత ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉందో లేదో కనుక్కోండి. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కోసం వేరే డబ్బు పెట్టక్కర్లేదు, లిబ్రేఆఫీస్ ఉచితం. లాప్‌టాప్ ఇప్పట్లో వీలు కాదా? ఉన్న ఫోన్‌కే ఒక బ్లూటూత్ కీబోర్డు జతచేయండి. షీట్స్, డాక్స్ పనులు మొదటి ఏడాదికి లాగించేయవచ్చు. ఫోన్‌ను మానిటర్‌కు తగిలించాలనుకుంటే మాత్రం, అది యూఎస్‌బీ సీ నుంచి వీడియో అవుట్ ఇస్తుందో లేదో ముందు చూసుకోండి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు.

మా చెల్లి ఇంకా లాప్‌టాప్ కొనలేదు. కీబోర్డు మాత్రం నేను కొనిచ్చాను. ఈ సెమిస్టర్‌లో పత్తి రేట్లు చేయాలట.

మీరు ఈ జూన్‌లో చేరబోతుంటే, కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు ల్యాబ్‌లో ఎన్ని సిస్టమ్‌లు ఉన్నాయని అడిగి ఊరుకోకండి. ఒక సీనియర్‌ను పట్టుకుని, "కిందటి సెమిస్టర్‌లో మీ సబ్జెక్టు కోసం కంప్యూటర్ మీద చేసిన పని ఒకటి చూపిస్తావా అన్నా?" అని అడగండి. చూపిస్తే, మీకు ఏ లాప్‌టాప్ కావాలో కూడా అక్కడే తెలిసిపోతుంది.