పూచీ నిలిచేవాళ్లు లేని ఖైదీలు

1998 ఫిబ్రవరిలో ఉత్తర అండమాన్ కొసనున్న లాండ్‌ఫాల్ దీవి దగ్గర, బర్మా నుంచి పడవల్లో వచ్చిన అరకాన్, కరెన్ పోరాటకారులను మన సైన్యం పట్టుకుంది. దానికి పెట్టిన పేరు ‘ఆపరేషన్ లీచ్’. వాళ్ల నాయకుల్లో ఆరుగురు చనిపోయారు. వీళ్లు ఆయుధాల స్మగ్లర్లని ప్రభుత్వం చెప్పింది. బర్మా సైనిక పాలన మీద పోరాడుతున్నవాళ్లమని, ఆశ్రయం ఇస్తామని నమ్మించి ఒక భారత సైనిక నిఘా అధికారే తమను రప్పించాడని పట్టుబడినవాళ్లు చెప్పారు. ఏది నిజమో తేల్చాల్సింది కోర్టు. కానీ ఛార్జిషీటు పడడానికే ఏళ్లు పట్టింది. చివరికి మిగిలిన 34 మంది పోర్ట్ బ్లెయిర్‌లో నిర్బంధంలోనే ఉండిపోయారు.

మామూలు ముద్దాయికి ఇలా జరగకూడదు. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. విదేశీయుడికీ ఆ హక్కుంది. రాజ్యాంగం 21వ అధికరణం పౌరులకే అనలేదు, ప్రతి మనిషికీ అంది. అయితే బెయిల్ కాగితం చేతికొచ్చాక జామీను ఎవరు నిలుస్తారు? ఇల్లు లేదు, ఊళ్లో ఎరిగినవాళ్లు లేరు. పైగా బయట అడుగుపెట్టగానే విదేశీయులకు సంబంధించిన చట్టం కింద కదలికలు కట్టడి చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. తాను విదేశీయుణ్ణి కాదని రుజువు చేసుకునే భారం కూడా ఆ మనిషిదే. ఎంబసీ నుంచి హామీపత్రం తెస్తేనే బెయిల్ అనే షరతు ప్రతి విదేశీ ముద్దాయికీ పెట్టనక్కర్లేదని 2024లో ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తన ప్రభుత్వం నుంచే పారిపోయి వచ్చినవాడు ఆ హామీ ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఆ 34 మంది కేసును మానవహక్కుల న్యాయవాది నందితా హక్సర్ భుజాన వేసుకున్నారు. 2006లో కేసు కలకత్తాకు మారింది. అదే ఏడాది మన నేర విచారణలోకి ‘ప్లీ బార్గెయినింగ్’ వచ్చింది. ముద్దాయి ఒప్పుకుంటే తక్కువ శిక్షతో కేసు ముగించే పద్ధతి అది. 2010లో ఆ దారిలోనే కేసు ముగిసింది. పడిన శిక్ష కంటే ఎక్కువ కాలమే వాళ్లు అప్పటికే లోపల గడిపేశారు. 2011లో విడుదలై, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అండతో ఢిల్లీ చేరారు. అంటే పదమూడేళ్లు. ఒక్క లాయరు పట్టువదలకుండా నిలబడకపోతే అది ఇంకెంత సాగేదో ఆలోచిస్తే గుండె కలుక్కుమంటుంది.

ఇప్పటికీ సముద్రపు దోసకాయల కోసం మన జలాల్లోకి వచ్చి కోస్ట్‌గార్డ్‌కు దొరికే మయన్మార్ (బర్మా) జాలర్లున్నారు. శిక్ష పూర్తయినా, వాళ్ల దేశం ‘మావాడే’ అని ధ్రువీకరించేదాకా పంపించడానికి వీల్లేదు. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఏ దేశస్థుడైనా, ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. కానీ లాయరు వచ్చినా ఆయన మాట ఖైదీకి అర్థం కావాలి కదా.

ఇదంతా మనకెందుకు అనిపిస్తే శ్రీకాకుళం వైపు చూడండి. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి, కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో ఇల్లు చేరారు. ఖైదీల జాబితాలు ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకోవాలని రెండు దేశాల మధ్య 2008లో ఒప్పందం ఉండబట్టి కనీసం ఎవరున్నారో తెలిసింది. అమెరికాలో ఫార్మింగ్‌టన్ పేరుతో ప్రభుత్వమే నడిపిన బూటకపు విశ్వవిద్యాలయంలో చేరి 2019లో నిర్బంధంలో పడ్డ విద్యార్థుల్లోనూ మన పిల్లలు చాలామంది. అక్కడ ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయరును పెట్టదు. అందుకే తెలుగు సంఘాలు కదిలి న్యాయసలహా ఇప్పించాయి.

ఇక్కడి బర్మా ఖైదీల కోసం మన తెలుగు సంఘం చేయగలిగింది ఒకటుంది. బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాల పెద్దల్లో బర్మా భాష మరవనివాళ్లు ఎవరైనా ఉంటే, జిల్లా న్యాయసేవల సంస్థలో పారాలీగల్ వలంటీరుగా పేరు ఇవ్వాలి. దరఖాస్తు నింపే పని కార్యవర్గం చూసుకోవాలి.