ఒక ఇంజను పాడైతే?

జోడెడ్ల బండి నడుస్తోంది. ఎడమ ఎద్దు ఆగిపోయింది. కుడి ఎద్దు లాగుతూనే ఉంది. బండి ఏమవుతుంది? ఎడమ పక్కకు తిరుగుతుంది.

రెండు ఇంజన్ల విమానం కూడా అంతే. ఎడమ ఇంజను ఆగితే ముక్కు ఎడమకు తిరుగుతుంది. అంతమాత్రాన విమానం కూలిపోదు. రెండో ఇంజనుతో ఎగరగలదు. పైలట్ కుడికాలితో పెడల్ తొక్కుతాడు. తోక మీద తలుపులాంటి రేకు కదులుతుంది. ముక్కు మళ్లీ తిన్నగా వస్తుంది. వేగం పడిపోకుండా చూసుకుంటాడు.

పాడైన ఇంజనులో మంట రావచ్చు. దాన్ని పూర్తిగా ఆపేయాలి. అయితే పాడైంది ఏది? ఇద్దరు పైలట్లూ సరిచూసుకోవాలి. ఇక్కడ తొందర పనికిరాదు.

1989 జనవరి 8న ఒక విమానం లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ బయలుదేరింది. దారిలో ఎడమ ఇంజనులో ఒక రెక్క విరిగింది. విమానం వణికింది. పొగ వచ్చింది. పైలట్లు కుడి ఇంజను ఆపేశారు. అది బాగున్న ఇంజను!

కుడి ఇంజను పాడైందని పైలట్ మైకులో చెప్పాడు. ఎడమ ఇంజను నుంచి నిప్పులు రావడం కొందరు ప్రయాణికులు చూశారు. అయినా ఎవరూ పైలట్లకు చెప్పలేదు. దిగబోయే ముందు ఎడమ ఇంజను కూడా చేతులెత్తేసింది. ఇంగ్లండులోని కెగ్‌వర్త్ ఊరి దగ్గర విమానం కూలింది. అందులో ఉన్న 126 మందిలో 47 మంది చనిపోయారు.

తర్వాత విచారణ జరిగింది. ఆపద వేళ పైలట్లూ, మిగతా సిబ్బందీ కలిసి పనిచేసేలా శిక్షణ ఇవ్వాలని విచారణ చేసినవారు సూచించారు.

పని తెలిసినవారు కూడా పొరబడతారు. కళ్లారా చూసినవారు నోరు విప్పి చెప్పాలి. ఆ మాట పెద్దలు వినాలి.