షుగరు గోలీ వెంట పోయే బీ12

సూరత్ పోయిన మనిషి లేని నేత ఊరు మన దిక్కున దొరకడం కష్టం బిడ్డా. సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపు పద్మశాలీలు తరాలుగా అక్కడి మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్నారు. వాళ్ల పిల్లల కోసం ఆ ఊరి కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. వడోద్, పాండేసర, లింబాయత్ లాంటి కార్మిక పేటల్లో ఉంటూ సాంచాల ముందు పన్నెండు గంటలు నిలబడే మనిషికి నలభై ఐదేళ్లకు షుగరు వచ్చిందనుకో. డాక్టరు మెట్‌ఫార్మిన్ రాస్తారు. మంచి మందు, చవకైన మందు, దశాబ్దాలుగా పరీక్షకు నిలిచిన మందు. దాన్ని మానమని నేను అనడం లేదు, ఎవరన్నా అంటే వినకు.

ఆరేడేళ్లు పోయాక ఆ మనిషికి కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి. అరికాళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది, రాత్రి మంటలకు నిద్ర పట్టదు. తెగిన పోగును ముడి వేయబోతే వేళ్లకు స్పర్శ సరిగా అందదు. "షుగరు నరాలకు పాకింది" అంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కొందరిలో మాత్రం విటమిన్ బీ12 తగ్గిపోవడం కూడా కారణం. ఆ తగ్గుదలకు మూలం రోజూ వేసుకుంటున్న గోలీయే కావచ్చు. రెండింటి లక్షణాలూ ఒకేలా ఉంటాయి కనుక రక్తపరీక్ష చేస్తే గాని తేడా తేలదు.

ఇదెలా జరుగుతుందో చెబుతాను విను. మనం తిన్న బీ12కి కడుపులో ఊరే ఒక ప్రోటీను తోడవుతుంది. ఆ జంట చిన్నపేగు చివరిదాకా వెళ్లి అక్కడి గోడలోంచి లోపలికి చేరాలి. ఆ గోడ దాన్ని అందుకోవాలంటే క్యాల్షియం సాయం కావాలి. ఆ పనికే మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అడ్డుపడిన మర్నాడే ఏమీ కాదు. కాలేయం బీ12ను గాదెలో వడ్లలాగా దాచి ఉంచుతుంది. మనకు రోజుకు కావలసింది 2 మైక్రోగ్రాముల పైచిలుకు, కాలేయం దాచేది 2, 3 మిల్లీగ్రాములు. అంటే సుమారు వెయ్యి రెట్లు! అందుకే లోపం బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి, గోలీకీ తిమ్మిరికీ ముడి ఉందన్న అనుమానమే ఎవరికీ రాదు. పైగా బియ్యంలో, పప్పులో, ఆకుకూరల్లో బీ12 ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారానే రావాలి. కొన్న పాలు చాయ్‌కే సరిపోయే ఇంట్లో గాదె ముందే సగం ఖాళీ. దానికి తోడు గ్యాస్ గోలీ ఒకటి. ఆహారంలోంచి బీ12 విడిపోవడానికి కడుపులో ఆమ్లం కావాలి, ఆ గోలీ చేసే పనే ఆమ్లాన్ని తగ్గించడం. పరగడుపున గ్యాస్ గోలీ, తిన్నాక షుగరు గోలీ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు మన చుట్టూ ఎందరున్నారో చూడు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడినవారిలో బీ12 తగ్గుతోందని బెల్‌ఫాస్ట్ డాక్టర్లు 1971లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అప్పుడప్పుడూ బీ12 పరీక్ష చేయించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ తన మార్గదర్శకాల్లో చేర్చింది 2017లో. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ దీన్ని తరచుగా కనిపించే దుష్ప్రభావంగా గుర్తించి, లోపం వచ్చే అవకాశం ఉన్నవారిని పరీక్షిస్తూ ఉండమని డాక్టర్లకు చెప్పింది 2022 జూన్‌లో. యాభై ఏళ్లు! ఈ ఆలస్యం నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే ఇంతకంటే త్వరగా కదిలిన ఉదాహరణ మన పక్కనే, మద్రాసులో ఉంది.

క్షయకు ఐసోనియాజిడ్ వాడకం 1952లో మొదలైంది. ఆ మందు శరీరంలోని బీ6తో కలిసిపోయి దాన్ని మూత్రంలో బయటికి లాక్కుపోతుంది. దాంతో అచ్చం ఇవే తిమ్మిర్లు, ఇవే మంటలు. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. సరిగా తిండి లేని పేద రోగులకు ఇళ్ల దగ్గరే మందులిచ్చి పరిశీలించిన కేంద్రం అది. అక్కడివాళ్లు బీ6 సంగతి విడిగా తీసుకుని పరీక్షించారు. ఐసోనియాజిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తున్నా, రోజుకు 6 మిల్లీగ్రాముల బీ6 తోడిస్తే నరాలు దెబ్బతినకుండా కాపాడవచ్చని 1963లో తేల్చారు. మందు వచ్చిన పదకొండేళ్లకు విరుగుడు మోతాదు చేతికొచ్చింది. ఇవాళ నరాలు దెబ్బతినే ప్రమాదం ఉన్న క్షయ రోగికి బీ6 తోడివ్వడం డాక్టర్లకు మామూలు విషయం.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారినీ ఇక్కడ తలచుకోవాలి. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. అదే బృందం ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడే మెథోట్రెక్సేట్‌నూ ఇచ్చింది. కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవారికి ఇప్పుడు డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. గోలీ ఏం లాక్కుంటుందో తెలిసినప్పుడు దాన్ని తిరిగి ఇచ్చే ఏర్పాటు చీటీ మీదే ఉండాలి, మెథోట్రెక్సేట్‌కు ఉన్నట్టు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. బీ12 లోపం ఉన్నవాళ్లకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ గోలీలు మాత్రమే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఇక వలస మనిషి కష్టం వేరు. ఈ లోపాన్ని ఏళ్ల లెక్కన చూడాలి: మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లుగా, ఎంత మోతాదులో పడుతోంది? అతని ఏళ్లేమో ముక్కలుముక్కలు. రెండేళ్లు సూరత్ ఆరోగ్య కేంద్రంలో, దసరాకు వచ్చి ఆగిపోతే కొన్ని నెలలు సిరిసిల్లలో, మధ్యలో మందుల దుకాణంలో పాత స్ట్రిప్ చూపించి కొన్నవి. ప్రతి డాక్టరుకూ అతను కొత్త రోగే. మొత్తం కూడేవాళ్లు లేరు.

షుగరు, బీపీలకు కేంద్ర ప్రభుత్వం 2010లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కింద ముప్పై దాటినవాళ్లను పరీక్షిస్తున్నారు, మందులు ఉచితంగా ఇస్తున్నారు. మందు జీవితాంతం ఇస్తున్న ప్రభుత్వమే ఆ రోగి చీటీ మీద మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన సంవత్సరం రాయాలి, కొన్నేళ్లకోసారి బీ12 చూడాలి. పరీక్ష అందని చోట, మోతాదు ఎక్కువై ఏళ్లు గడిచినవాళ్లకు, పాలూ మాంసమూ అంతంతమాత్రంగా తినేవాళ్లకు, వయసు మీరినవాళ్లకు బీ12 గోలీలే ఇవ్వడం మేలని నా అభిప్రాయం. ఈ పని సూరత్‌లోనే మొదలుపెట్టవచ్చు. 1994లో ప్లేగు వచ్చి జనం పెట్టే బేడా సర్దుకుని పారిపోయిన ఊరు అది. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు గారు ఆ ఊరి పారిశుద్ధ్యాన్ని దేశం చెప్పుకునేలా మార్చి చూపించారు. అంత పని చేసిన కార్పొరేషన్‌కు చీటీ మీద ఒక గడి పెంచడం భారం కాదు.

అంతవరకూ ఆగకు. ఈసారి సూరత్‌లో ఉన్న మీ మామయ్యకు ఫోన్ చేసినప్పుడు ఆ గోలీ ఏ ఏడాది మొదలుపెట్టాడో అడుగు, పాత చీటీలన్నీ ఒక కవరులో పెట్టించు. తిమ్మిర్లుంటే బీ12 పరీక్ష రాయమని డాక్టరును అడగమను, గోలీ మాత్రం తనంతట తాను ఆపొద్దని గట్టిగా చెప్పు. లోపం తేలితే ఇంజెక్షన్లో, పెద్ద మోతాదు గోలీలో ఇస్తారు. రక్తం త్వరగానే కోలుకుంటుంది. నరాలు అలా కాదు, ఏళ్ల తరబడి వదిలేస్తే పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.